బీము జారిన నాడు

కైలాసం పాదం మీద నుంచి బీమును లేపడానికి నలుగురు పట్టారు. నూలు నిండుగా చుట్టిన ఆ ఇనుప బీమును రోజూ బట్ట నేసే సాంచెల దాకా మోసేది మాత్రం ఇద్దరే. ఒక కొన కైలాసం, ఇంకో కొన పరశురాములు.

ఆటో కైలాసాన్ని ఎక్కించుకొని కరీంనగర్ వైపు కదలగానే సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. నేసిన మీటరు లెక్కన కూలి. ఆగితే ఎవరికీ గిట్టదు. నేల మీది రక్తం ఇంకా ఎవరూ కడగలేదు.

పరశురాములు గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మూడు నెలలుగా నడుములో పుట్టిన నొప్పి ఎడమ కాలి మడమ దాకా దిగుతోంది. సేటు సదానందానికి రెండుసార్లు చెప్పాడు. "మోసుడు చాతగాకుంటే ఇంట్ల కూసో" అన్నాడు సేటు. కైలాసానికి మాత్రం చెప్పలేదు. చెబితే బరువంతా తన వైపు లాక్కుంటాడని తెలుసు.

మధ్యాహ్నం సేటు పిలిచి కాగితం ముందు పెట్టాడు.

"కైలాసం హనుమాన్ మాలేసుకొని చెప్పుల్లేకుంట వచ్చిండు, కాలు జారిండు అని రాసిన. సంతకం పెట్టు."

"ఆయన జారలే సేటూ. నా నడుము పట్టేసింది. చేతులు ఇడిసిన."

"గట్లంటే తప్పు నీ మీదికొస్తది. పని గూడ పోతది."

"రానీ. నొప్పి లేస్తుందని నీకు రెండుసార్లు చెప్పిన. అది గూడ రాయి."

పెన్ను ముట్టకుండానే బయటికి వచ్చి బస్సెక్కాడు.

దవాఖాన వరండాలో కైలాసం భార్య నవనీత కూర్చుని ఉంది. పాదం ముందు భాగం తీసేశారని చెప్పింది. పరశురాములు దాచలేదు.

"బీము ఇడిసింది నేనే చెల్లె. మూడు నెల్ల సంది నడుము నొస్తుంది, ఇయ్యాల ఆగలే."

ఆమె తలెత్తి అతణ్ణి చూసింది.

"మూడు నెల్ల సంది నొస్తుంటే మాకు ఒక్క మాట చెప్పకపోతివా అన్నా?"



ఇంతలో స్ట్రెచర్ వచ్చింది. మత్తు వదలని కైలాసాన్ని మంచం మీదికి మార్చాలి, ఒక చెయ్యి వేయమంది నర్సు. పరశురాములు ముందుకు వంగాడు.

"నువ్వు పట్టకు అన్నా" అంది నవనీత.

ఆమే వెళ్లి భర్త భుజాల కింద చేతులు పెట్టింది. చాచిన చేతులు దించుకోలేక పరశురాములు అక్కడే నిలబడిపోయాడు.