ఎండకు అడ్డం

ఎంత తోమినా గిన్నె మసి వదలదు, బకెట్లో నీళ్ళు వేళ్ళను కొరుకుతున్నాయి, వాకిలి ఆ కొసన మాత్రం ఎండ పడుతోంది, ఆ ఎండలో నులక మంచం, మంచం మీద నిరుడు చలికాలంలో పోయిన అత్త లింగుబాయి కాళ్ళు చాపుకుని కాల్చిన పల్లికాయలు ఒలుచుకుంటోంది. చచ్చినామెకు చలేమిటని విమలకు తోచదు. కలలో అలాంటివి ఎవరికి తోచాయి గనక.

ఆదిలాబాద్ చలిలో ఆ ఇంటికి దక్కే పొద్దుటెండ ఆ ఒక్క మూలే, లింగుబాయి బతికున్నన్నాళ్ళూ అది ఆమెదే. కోడలు చెయ్యి తుడుచుకుని దగ్గరికొస్తే చాలు, "జాగ లేదు" అనేది.

విమల గిన్నె వదిలి మంచం వైపు నడుస్తుంది, నడిచేకొద్దీ వాకిలి సాగి ఆస్పత్రి గది అవుతుంది, నులక మంచం ఇనుప మంచమవుతుంది, కిటికీలోంచి అదే ఎండ, ముక్కుకు గొట్టంతో అత్త అవే పల్లికాయలు తింటోంది. చివరి పొద్దున ఇక్కడే, మాట పడిపోయాక, కోడల్ని చూసి చెయ్యి లేపి మంచం అంచు మీద ఆడించింది. ఇన్నేళ్ళకు పక్కన కూర్చోమంది కదా అని విమల కూర్చుంది, కూర్చున్న కాసేపటికే ప్రాణం పోయింది. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరొచ్చిందట అని లోకంలో సామెత, విమల మాత్రం అప్పుడే భోరుమంది. ఏడాదిగా ఆ చెయ్యినే తలుచుకుని మనసు వెచ్చబెట్టుకుంటోంది.

"అత్తా, ఆనాడు నన్ను పక్కన కూసోమన్నవ్ గదా?"

లింగుబాయి పల్లీల పొట్టు ఊదుతుంది. "ఎవరన్నరు?"

"చెయ్యితోని సూపిచ్చినవ్."

"ఓసి పిచ్చిదానా! కిటికీలకెల్లి గింత ఎండ పడుతుంటే గోడ లెక్క నిలవడ్డవ్. జరుగుమన్న. జరగకపోగా వచ్చి కూసున్నవ్. సచ్చేటోళ్ళకు గంత ఎండ గూడ దక్కనియ్యకపోతివి."

విమలకు కాళ్ళ కింద బండలు మంచులా తగులుతాయి. "ఇంటికాడ మంచం మీద జాగ లేకుండెనా అత్తా? నిజం జెప్పు."

"ఉండె. ఇద్దరికి సరిపోయేటంత ఉండె," అంటుంది లింగుబాయి, దాపరికం లేకుండా నవ్వుతూ. "నువ్వు నీడల నిలవడి సూస్తుంటెనే నాకు ఎండ ఎచ్చగుండె."

ఏడుద్దామంటే ఏడుపు రాదు, మొహం మీద ఎండ ఉన్నట్టుండి చల్లారిపోతుంది.

కళ్ళు తెరిస్తే తన వాకిలే. ఇప్పుడు మంచం తనది, దాని మీదే కునుకు పట్టింది. ఎండకు అడ్డంగా స్వరూప నిలబడి ఉంది, కార్తీకంలో కాపురానికొచ్చిన కోడలు, చేతిలో పొగలుగక్కే చాయ్ గ్లాసు, చన్నీళ్ళలో గిన్నెలు తోమి ఎర్రబడ్డ వేళ్ళు. విమల చెయ్యి తనంతట తానే లేచి మంచం అంచు మీద ఆడుతుంది.

ఆ పిల్ల మొహం విప్పారుతుంది. "కూసోమంటున్నరా అత్తమ్మా?" అంటూ వంగుతుంది.

జాగ ఉంది. ఇద్దరికి సరిపోయేంత ఉంది. విమలకది కనబడుతూనే ఉంది.

"జరుగు. ఎండకు అడ్డమున్నవ్."

స్వరూప గ్లాసు పెట్టేసి, తల దించుకుని నీడలోకి వెళ్ళిపోతుంది. విమల కాళ్ళు చాపుకుంటుంది. చాయ్‌లో అల్లం ఘాటుగా ఉంది. బకెట్ దగ్గర గిన్నెల చప్పుడు మొదలయ్యాక ఎండ ఇంకాస్త వెచ్చగా తగులుతుంది.