మట్టికి పస్తు

ఆ రోజు పొద్దున్నే మా పాప కొత్త చెప్పులు వేసుకుని గడపలో కూర్చుంది. మట్టి డాక్టరు వచ్చి సరేనంటే వాకిట్లో దిగి ఆడుకోవచ్చని నేనే నోరు జారాను.

మా ఇల్లు ఒకప్పటి పురుగుమందుల గోదాము స్థలంలో ఉంది. ఆ సంగతి ఇంట్లో చేరాక తెలిసింది. ఏళ్లు గడిచినా ఆ మందు మట్టిని వదలదట. అమ్ముదామంటే కొనేవాడు లేడు, పోదామంటే ఉన్నదంతా ఊడ్చి దీనిమీదే పోశాం. కిటికీలు మూసుకుని, గేటు దాకా చెక్కలు పరుచుకుని, పాపని చంకనెత్తుకుని వాటిమీదే నడుస్తూ బతుకుతున్నాం. పాప అద్దానికి ముక్కు ఆనించి వాకిలిని చూస్తుంది. నాకైతే ఊపిరాడదు.

మట్టి డాక్టరంటే చెడిన నేలను బాగుచేసే శాస్త్రవేత్త, రబ్బరు బూట్ల మనిషి. పోయిన వానలకు ముందు ఆవిడ బియ్యం కడిగిన నీళ్లలాంటిదేదో మట్టిలో కలిపింది. అందులోని బ్యాక్టీరియా విషాన్ని తినేస్తాయని, మట్టిని తడిపి తిరగేస్తుంటే చాలని చెప్పింది. ఆ పని అత్తయ్య నెత్తినేసుకుంది. ఎవరు ఆకలితో ఉన్నా చూడలేని మనిషి ఆవిడ. వీధి పిల్లికి పెట్టాకే తను కంచం ముందు కూర్చుంటుంది.

డాక్టరు మొన్న తీసుకెళ్లిన మట్టిని పరీక్షించి వచ్చింది.

"బ్యాక్టీరియా బాగానే పెరిగాయమ్మా, మందు మాత్రం అలాగే ఉంది. మట్టిలో ఇంకేమైనా కలుపుతున్నారా?"

లేదన్నాను. అత్తయ్య గొంతు సవరించుకుంది.

"రోజూ కాస్త చక్కెర నీళ్లు పోస్తున్నానంతే. పాపం, మన పని చేసే ప్రాణాలు. ఆ విషమొక్కటే తిని ఎలా బతుకుతాయి?"

డాక్టరు నవ్వలేదు. "తీపి దొరికితే విషం జోలికి ఎందుకెళ్తాయండీ? వేరే గతిలేకే అవి దాన్ని తింటాయి."

"మరిప్పుడు?" అన్నాను.

"మళ్లీ మొదట్నుంచి. వచ్చే వానలు వెళ్లాక చూద్దాం."

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరు గేటు దాటే దాకా కూడా ఆగలేకపోయాను.

"వాటి ఆకలి కనబడింది గానీ, ఆ కిటికీ దగ్గర కూర్చునేది కనబడలేదా అత్తయ్యా?"

అత్తయ్య లోపలికి వెళ్లి చక్కెర డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎక్కడైనా దాచెయ్యవే. కనబడితే నా చెయ్యి ఊరుకోదు."

ఆవిడ కళ్లలో నీళ్లు చూశాను. అయినా నా కోపం తగ్గలేదు.

గడపలో పాప అప్పటికే చెప్పులు విప్పేసింది. డాక్టరు మొదటిసారి వచ్చిన రోజున, వాకిట్లో తిరగడానికని కాస్త పెద్దవి చూసి కొన్నాం. ఇప్పుడవి బిగుతై, పట్టీ ఒరుసుకుని మడమ ఎర్రబడింది. అడుగున మాత్రం ఇసుమంత మట్టి లేదు.

"అమ్మా, వానలయ్యాక ఇవి నాకు పడతాయా?"

"పడతాయి," అన్నాను.

పాప వాటిని అట్టపెట్టెలో సర్ది, మూత పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లింది.