ముహూర్తానికి ముందే మోగిన డోలు

నేను ఒక డోలును. నెమ్మదిగా మాట్లాడటం నాకు చేతకాదు. ఇవాళ ఒక పెళ్లిలో మోగి మోగి ఇప్పుడే ఇల్లు చేరాను. ఒళ్లంతా ఇంకా అదురుతూనే ఉంది. ఆ వేడి మీదే నా కథ చెప్పేస్తాను, వినండి.

పనస మానును తొలిచి, రెండు వైపులా తోలు బిగించి, చుట్టూ వారులు లాగి కట్టి నన్ను తయారుచేశారు. చేసినాయన అరచేత్తో మొదటి దెబ్బ వేశాడో లేదో, పక్కింటి మేక తాడు తెంపుకుని పారిపోయింది. ఆ రోజే నాకు గర్వం తలకెక్కింది.

నా మొదటి యజమాని వెంకటనర్సు. రేపల్లె చుట్టుపక్కల ఆయన మేళానికి మంచి పేరు. ఆయన పోయాక కొడుకు మల్లేశు ఒళ్లోకి వచ్చాను. మల్లేశు మేనమామ రంగయ్య మా పక్కనే కూర్చుని సన్నాయి ఊదుతాడు.

పెళ్లిలో నా అసలు పని మీకు తెలిసిందే. పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అనగానే చెలరేగిపోవాలి. ఆ మోతలోనే తాళి పడాలి, అక్షింతలు రాలాలి. మనుషులు చిత్రమైనవాళ్లండీ. ఏళ్ల తరబడి సంబంధాలు వెతికి, జాతకాలు చూసి, తలకు మించి ఖర్చులు పెట్టి, చివరికి ఆ క్షణాన్ని తీసుకొచ్చి నాలాంటి ఖాళీ బుర్రకు అప్పజెబుతారు!

మల్లేశు వేళ్లలో తండ్రిని మించిన పనితనం ఉండేది. అలాంటివాడు ఫోన్లో క్రికెట్ బెట్టింగులో పడ్డాడు. మొదట టీకొట్టు దగ్గర సరదాగా ఎవరు గెలుస్తారో పందెం కాశాడు. తర్వాత ఓవరు ఓవరుకీ, ఆపైన బంతి బంతికీ. రంగయ్యకూ పేకాట సరదా ఉంది. పెళ్లివారింట్లో భోజనాలకు ముందు ఓ ఆట వేస్తాడు. విస్తళ్లు వేశారనే కబురు వస్తే ఎంత మంచి ముక్కలు పడినా బోర్లించి లేచిపోతాడు. మల్లేశు అలా లేవలేడు. పోయింది రాబట్టాలని మళ్లీ కాస్తాడు. భార్య ఝాన్సీ అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయేది. సాధన మానేశాడు, నా తోలు వదులైనా పట్టించుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. నన్ను కాదని ఆ అరచేతంత డబ్బాతో కాపురమా!

అలాంటి రోజుల్లో చెరుకుపల్లిలో ఒక పెళ్లి. తాళిని పళ్లెంలో పెట్టి, పెద్దలంతా తాకి దీవించడానికి పందిట్లో తిప్పుతున్నారు. మల్లేశు ఫోన్ను నా వారుల్లోనే దోపుకుని చూస్తున్నాడు. చివరి బంతికి అతను కాసిన జట్టు సిక్స్ కొట్టింది. అంతే! ఒళ్లు మరిచిపోయి పుల్లతో, వేళ్లతో నా మీద విరుచుకుపడ్డాడు. గట్టిమేళం! నేనూ తక్కువ తినలేదు, పందిరి అదిరేలా మోగాను. జనం ఉలిక్కిపడి గుప్పిళ్లలోని అక్షింతలన్నీ విసిరేశారు. వీడియో తీసేవాడు కుర్చీ ఎక్కాడు. పెళ్లికొడుకు ఖాళీ చేతులతో లేచి నిలబడ్డాడు.

“అయ్యో, తాళింకా మా పెదనాన్న దగ్గరే ఉందండీ!” అని పెళ్లికూతురి తల్లి అరిచింది.

“ఎవరు చెప్పారయ్యా నీకు? నేను చెయ్యెత్తానా?” అని పురోహితుడు మండిపడ్డాడు.

అసలు ముహూర్తం వచ్చేసరికి మల్లేశు నన్ను ముట్టుకోలేకపోయాడు. రంగయ్య సన్నాయితోనే గట్టెక్కించాడు. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్న పెళ్లి నా జన్మలో అదొక్కటే.

ఇంటికొచ్చాక రంగయ్య తెగేసి చెప్పాడు. “ఇంకోసారి ఇట్టా జరిగిందంటే మేళంలో నీకు చోటు లేదురా. మీ నాన్న డోలు తీసుకెళ్లి ఇంకొకడి ఒళ్లో పెడతా.”

“మానేద్దామని రోజూ అనుకుంటున్నా మామా. చెయ్యి ఆగట్లా,” అని మల్లేశు గోడకు తల ఆనించి ఏడ్చాడు. నాకు భయం వేసింది. ఇంకొకడి ఒళ్లో నేను మోగగలనా?

“ఏడిస్తే తగ్గిద్దా? తాగుడు మాన్పించేవాళ్లు ఉన్నప్పుడు దీనికి మాత్రం ఉండరా?” అంటూ ఝాన్సీ ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకున్న సర్కారువారి మానసిక సాయం నంబరు 14416కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల ఒకావిడ. ఆమె తిట్టలేదు, నీతులు చెప్పలేదు. అతను చెప్పిందంతా చివరిదాకా విన్నది.

“ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదండీ. దీనికి సాయం ఉంది. కాయాలని మనసు లాగినప్పుడు కాసేపు వాయిదా వేయండి. ఆ కాసేపూ చేతులకు వేరే పని చెప్పండి,” అన్నది.

మల్లేశు తలెత్తి నా వైపు చూశాడు. నా తోలు జలదరించింది!

ఆమె చెప్పినట్టే జిల్లా ఆస్పత్రిలో కౌన్సెలింగుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఫోన్ ఝాన్సీ చేతికిచ్చి, తను మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే బటన్ల ఫోన్ పెట్టుకున్నాడు. మనసు లాగినప్పుడల్లా నన్ను ఒళ్లోకి తీసుకునేవాడు. ఇరుగుపొరుగు చెవులు మూసుకున్నారు గానీ, నాకు మాత్రం రోజూ పండగే. మధ్యలో ఒకసారి జారాడు. ఎవరి ఫోన్లోనో కాశాడు. కానీ దాచలేదు. తనే ఝాన్సీకి చెప్పుకుని మళ్లీ ఆస్పత్రికి వెళ్లాడు. ఆ రోజు అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఇక ఇవాళ్టి సంగతి. పెళ్లిరోజే పెద్ద మ్యాచ్. తాళి పళ్లెం పందిట్లో తిరుగుతోంది. ఉన్నట్టుండి వెనక వరసలో కుర్రాళ్లు “సిక్స్!” అని కేకలు పెట్టారు. మల్లేశు చేతిలో పుల్ల కొంచెం పైకి లేచింది. రంగయ్య కళ్లు పెద్దవి చేసుకుని ఆ పుల్లకేసే చూస్తున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి మోగడం తప్ప ఇంకేమీ కోరని నేను, వద్దురా నాయనా, కొట్టకురా అని మనసులో మొత్తుకున్నాను.

మల్లేశు పుల్ల కిందికి దించాడు. కుడి అరచెయ్యి నా మీద పూర్తిగా ఆనించి అలాగే ఉంచాడు. ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది. పళ్లెం తిరిగి తిరిగి పెళ్లికొడుకు దగ్గరికి చేరింది. అప్పుడు పురోహితుడు చెయ్యెత్తాడు.

“గట్టిమేళం!”

మోగానండీ! అబ్బ, ఏం మోగాను! తాళి పడింది, అక్షింతలు వానలా కురిశాయి, నా మీదా నాలుగు గింజలు పడ్డాయి. రంగయ్య సన్నాయి దించగానే కళ్లు తుడుచుకున్నాడు.

భోజనాల దగ్గర ఒకాయన ఉత్సాహం పట్టలేక మల్లేశును అడిగాడు. “ఏమయ్యా, మ్యాచ్ ఎవరు గెలిచారంటావ్?”

మల్లేశు వదులైన నా వారులు లాగి బిగిస్తున్నాడు. “తెలీదన్నా,” అన్నాడు.