గుండు కూర్చునే లోతు

ఇరవై ఏడో గుండును ఇత్తడి గొట్టం మూతిలో నిలబెట్టి బాలన్న ప్రెస్ లివర్‌ను కిందికి లాగాడు. సగం దాకా తేలిగ్గా వచ్చి, ఆపైన బిగువుగా దిగింది. తూటాను తీసి వెర్నియర్ దవడల మధ్య పెట్టి చూశాడు. పొడవు సరిపోయింది. చెక్క పలక గుంటలో నిలిపి ఇంకోటి అందుకున్నాడు.

యాభై గుండ్లూ కూర్చున్నాకే అతను మూతులు బిగించడం మొదలుపెడతాడు. రెండూ ఒక్క లాగుడులో అయ్యే పనే. కానీ గుండు ఇంకా దిగుతుండగానే మూతి బిగిస్తే దాని ఒళ్లు గీసుకుపోతుంది. బిగింపు వదులైతే గుండు లోపలికి జారుతుంది. ఎక్కువైతే ఇత్తడి మెడ ఉబ్బి తూటా తుపాకీలో ఇరుక్కుంటుంది. ఎక్కడ ఆగాలో చేతికి తెలుసు గనక బాలన్న కళ్లు మూసుకుని బిగించేవాడు.

రియాద్ నుంచి అల్ ఖర్జ్ పోయే దారిలో, వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ అబూ నాసిర్ తోట వెనక రేకుల షెడ్డు అది. మెట్‌పల్లి నుంచి బాలన్న వచ్చింది బోరు మోటార్లు బాగుచేయడానికి. కువైట్ యుద్ధం ముగిసిన ఏడు, అబూ నాసిర్ పాత రైఫిల్‌కు సరిపడే తూటాలు బజారులో దొరకలేదు. సైన్యంలో గురి నేర్పి రిటైరైన ఆయన, కాల్చేసిన గొట్టాలనే మళ్లీ నింపే సామాను తెప్పించి, బాలన్న పనితనం చూసి పని అప్పగించాడు. ఆరేళ్లయింది. వేల తూటాలు చేసిన బాలన్న ఒక్కటీ కాల్చలేదు.

ఆ యుద్ధంలో రియాద్ మీద క్షిపణులు పడుతున్న రోజుల్లో, ఇంటివాళ్ల కోసం తెచ్చిన విషవాయువు మాస్కుల్లో ఒకటి అబూ నాసిర్ స్వయంగా బాలన్న మొహానికి తొడిగాడు. పట్టీలు సర్ది, "ఊపిరాడుతోందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ సంగతి బాలన్న తన భార్య దేవవ్వకు ఉత్తరంలో రాశాడు.

ఆ పొద్దున, పలక సగం నిండేసరికి అబూ నాసిర్ తాను కాల్చిన గురికాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. చిల్లులు కోళ్లకు చల్లిన నూకల్లా చెదిరి ఉన్నాయి.

"నీ తూటాల్లో తేడా వచ్చింది, బాలన్" అన్నాడు అరబ్బీలో. వారంలో రియాద్‌లో పాత సైనికుల గురి పోటీ ఉంది.

ఆయన వెళ్లాక బాలన్న పది తూటాలు తీసి కొలిచాడు. అన్నీ ఒక్కటే. కొన్నాళ్లుగా ఆయన ఖహ్వా, అదే అరబ్బీ కాఫీ, పోస్తుంటే ధార గిన్నె అంచుకు తగలడం, గడప కోసం కాలితో వెతుక్కోవడం అతను చూస్తూనే ఉన్నాడు.

"తప్పు నాదేనని ఒప్పేసుకో బాలన్నా" అన్నాడు డ్రైవర్ మస్తాన్ వలీ, కడప మనిషి. "ఇంకో యాభై చేసియ్యి. నీదేం పోతాది?"

"తూటదేం లేదు, మస్తాన్ భాయ్. కండ్లు మసకైనయని ఎవలన్న చెప్పాలె గదా. జెప్పన దవాఖానకు పోతడు."

"చెప్పినోణ్ణి ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపిస్తాడు, చూస్తాండు."

బాలన్న చేతులు కడుక్కుని అబూ నాసిర్ దగ్గరికి బయల్దేరాడు.

"తూటాలు మంచివే, బాబా. ఇంకెవరైనా కాల్చి చూడాలి" అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో.

అబూ నాసిర్ రైఫిల్ అందుకున్నాడు. "అయితే నువ్వే కాల్చు."

ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, ఆయనే బాలన్న భుజం సర్దాడు. "ఊపిరి వదిలి, ఆగి, నొక్కు." మొదటి దెబ్బకు బాలన్న చెవులు గింగురుమన్నాయి. ఐదు కాల్చాడు. మస్తాన్ వలీ కాగితం తెచ్చాడు. ఐదు చిల్లులూ అరచేతి కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి.

అబూ నాసిర్ కాగితాన్ని ముక్కుకు తగిలేలా పట్టుకున్నాడు. తర్వాత వేలితో ఒక్కో చిల్లూ తడిమాడు. బాలన్నకు అది చూడబుద్ధి కాలేదు.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"రెండు నెలలు, బాబా."

"నాకు ఏడాదిగా తెలుసు" అని అబూ నాసిర్ మెల్లగా నవ్వాడు.

ఆయన పోటీకి వెళ్లలేదు. రియాద్ ఆసుపత్రిలో ఒక కన్ను కొంత నిలిచింది, రెండోది పోయింది. రైఫిల్ తమ్ముడికిచ్చేశాడు; తూటాల పని ఆగిపోయింది. మోటార్ల పనికి అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. రంజాన్ ముందు బాలన్నకు ఎగ్జిట్ వచ్చింది. పొద్దున్నే గేటు దాకా వచ్చిన అబూ నాసిర్ అతని కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే నొక్కి వదిలాడు. మస్తాన్ వలీ బండి తీశాడు.

ప్రెస్‌ను ఎవరో విప్పి పట్టుకుపోయారు. షెడ్డులో మేకుకు అతని పని చొక్కా ఒకటి మిగిలింది. లివర్ లాగీ లాగీ పిగిలిన కుడి చంక కింద, మూడు రంగుల దారాలతో మూడుసార్లు వేసుకున్న కుట్లు.