అమ్మ విత్తనం, బజారు విత్తనం

మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఇంటి వెనక ఎండ బాగా తగిలే కాస్త జాగా, అక్క పోసిన గుప్పెడు బెండ విత్తనాలు, పప్పుల కొట్టు నడిపి నడిపి వచ్చిన తెలివి. కొంప ముంచింది ఆ తెలివే.

విత్తనాలు అమ్మవి. ఏటా ఒక మంచి కాయను కోయకుండా మొక్కకే ఎండనిచ్చి దాచేది. ఆమె పోయాక డబ్బా అక్కకు చేరింది. అక్క ఉండే మూడో అంతస్తులో కుండీ పెట్టినా ఎండ రాదు.

"ఒరేయ్, ఇవే ఆఖరివి. ఇప్పటికే పాతబడ్డాయి. నువ్వు వేసి, కాశాక విత్తనం తీసి నాకియ్యి. అమ్మ బెండ మనతో ఆగిపోకూడదు" అంది.

నానబెడితే సగం తేలాయి. మొలుస్తాయో లేదోనని అతనికి గుబులు పట్టుకుంది. కొట్టులో పాత పప్పు మిగిలితే కొత్త పప్పులో కలిపి అమ్మేయడం అతని చేతికి అలవాటు. ఇక్కడా చెయ్యి దాని పని అది చేసేసింది. బజారు విత్తనాల పొట్లం తెచ్చి అదే గిన్నెలో కుమ్మరించాడు. మర్నాడు అన్నీ కలిపి నాటాడు.

కొన్నాళ్ళకు అక్క ఫోన్ చేసింది.

"మొలిచాయా?"

"మొలవడమేంటి, దూసుకొస్తున్నాయి!"

"అమ్మ చెయ్యిరా అది. పాతబడినా సత్తువ పోలేదు చూడు."

ఫోన్ పెట్టేసి పెరట్లోకి పరుగెత్తాడు. మొలకలన్నీ ఒకే మొహంతో చూస్తున్నాయి. కలిపిన పప్పును మళ్ళీ వేరు చేయమని కొట్టులో ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు.

"ఏంటండీ, మొక్కల ముందు గుడ్లప్పగించి కూచున్నారు?" అంది భార్య.

"అమ్మవి ఏవో చూస్తున్నా."

"తెలిసిందా?"

"తెలిస్తే లేవనా?"

పసుపు పూలు వచ్చాయి, కాయలూ దిగాయి. కొన్ని లేతరంగువి, కొన్ని ముదురాకుపచ్చవి. హమ్మయ్య, తేడా దొరికిందనుకున్నాడు. తీరా చూస్తే అమ్మ బెండ రంగే గుర్తు రాలేదు. చిన్నప్పుడంతా తిన్నాడే గానీ, కాయ మొహం ఏనాడైనా చూశాడా? పొద్దున లేతరంగువే అమ్మవి అనిపించేది. సాయంత్రానికి ముదురురంగువి అనిపించేది.

అక్క రానే వచ్చింది. ఏదో ఒక మొక్క చూపించి "ఇదే" అంటే బేరం ముగిసిపోతుంది. అక్క వంగి ఆకును నిమిరింది. అతనికి అబద్ధం పెగల్లేదు. జరిగింది చెప్పేశాడు.

"అమ్మ విత్తనాన్నీ కల్తీ చేశావట్రా?"

"కల్తీ కాదక్కా... మొలవవేమోనని తోడిచ్చాను."

"నోర్ముయ్. అమ్మ కాయ నాకు తెలీదా?" అంటూ విసవిసా వెళ్ళి ముదురురంగు కాయ పట్టుకుంది. తర్వాత లేతరంగు కాయ పట్టుకుంది. మళ్ళీ వెనక్కి వచ్చింది. "అమ్మది కాస్త నూగుగా ఉండేది. కాదు, అది పిన్ని పెరట్లోది" అని గొణిగింది.

భార్య రెండు రకాలూ విడివిడిగా వండి పెట్టింది. అక్క ఒకటి నోట్లో పెట్టుకుని "ఇదే!" అంది. రెండోది పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఇది కూడా" అంది నీరసంగా.

"అయినా వదినా, పూల మీద తేనెటీగలు ఒకటే తిరిగాయి. ఈయన మొదలుపెట్టిన కలపడం అవి పూర్తి చేసే ఉంటాయి" అంది భార్య.

అక్క తిడుతుందో, ఏడుస్తుందో అతనికి అర్థం కాలేదు. ఆమెకీ అర్థమైనట్టు లేదు. కాసేపటికి కొంగు దోపుకుని లేచింది.

"ప్రతి మొక్కకీ ఒక కాయ ఎండనియ్యి. దేని విత్తనం దానికే పొట్లం కట్టు. ఈసారి కలిపావంటే చేతులు విరిచేస్తాను. వేసేటప్పుడు నేనూ వస్తా."

చివరికి తేలిన లెక్క ఇది. అమ్మ బెండ మిగిలిందో పోయిందో తెలీదు. మిగిలాయనుకోదగ్గవి, ఏది ఎవరిదో తెలియని పొట్లాలు కొన్ని, ఇకమీదట పెరట్లో సగం జాగా తనదేనని చెప్పి వెళ్ళిన అక్క.