గుండె మీద గంధం

నేను ఒక లౌడ్‌స్పీకర్‌ని. ఒక్కడినే అనుకునేరు, మేం కవలలం. టేకు పెట్టెల్లో తమ్ముడు కుడిపక్క, నేను ఎడమపక్క. ఇద్దరిదీ ఒకే పాట కనక కథ నేనొక్కడినే చెబితే చాలు.

మద్రాసులో ఓ చిన్న కార్ఖానాలో పుట్టాం. గట్టి కాగితాన్ని గరాటులా చేసి, వెనక అయస్కాంతం బిగించి, ముందు గోధుమరంగు గుడ్డ కప్పారు. ఆ కాగితమే నా గుండె. అది వణికితేనే నాకు గొంతు. మొదటిసారి కరెంటు తగిలి నాలోంచి ఎవరో ఆలాపన అందుకుంటే బిత్తరపోయాను. ఇంత కాగితంలోంచి మనిషి ఊపిరి! ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు, ఒట్టు.

కాకినాడలో ఓ కాఫీ హోటలు యజమాని మమ్మల్ని కొన్నాడు. పొద్దున్నే భక్తిపాటలు, ఎండెక్కితే సినిమా పాటలు. గొంతు చించుకుని పాడేవాళ్ళం. వినేదెవరు? చట్నీ మీదున్న ధ్యాస చరణం మీద ఉంటుందా! హోటలు మూతపడ్డాక, తన కొడుక్కి మృదంగం నేర్పిన సోమయాజులుగారికి మమ్మల్ని గురుదక్షిణగా సమర్పించుకున్నాడు.

సోమయాజులుగారిది మృదంగం, ఆయన భార్య వర్ధనమ్మగారిది వయొలిన్. కాపురానికొచ్చిన కొత్తలో ఒకనాడు ఇద్దరూ ఇంట్లోనే వాయించి టేపు మీదకి ఎక్కించారు. సాయంత్రం దాన్ని మాలోంచి విన్నారు. మధ్యమధ్య ఏదో చప్పుడు అడ్డొస్తోందని ఆయన విసుక్కుంటే ఆవిడ నవ్వేసింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది, ఆవిడ కాంభోజి నాలోంచి వస్తోంది! ఎంత అదృష్టం!

ఇక ఆయనగారి భక్తి వినండి. ఏటా దసరాకి వాద్యాలన్నిటితో పాటు మాకూ పూజ చేసేవారు. బొట్టు పెట్టెకు పెట్టొచ్చుగా? ఊహూఁ. "పైన పెడితే ఎవరికి పెట్టినట్టు? మృదంగానికి నడిమధ్యన నల్లపూత ఉంటుంది, దాంతోనే దానికి నాదం. దీనికీ నడిమధ్యే పెట్టాలి" అని గుడ్డ విప్పి, సరిగ్గా నా గుండె మీద చిక్కటి గంధం, దాని మీద కుంకుమ అద్దేవారు. గంధం చల్లగా హాయిగానే ఉండేది. కానీ ఆ పూత ఆరేది, మరుసటేడు దాని మీద మరో పూత పడేది. బరువెక్కిన గుండెతో ఏం పాడను? నా గొంతు మొద్దుబారింది. ఏళ్ళు మీదపడ్డాయని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఈలోగా వర్ధనమ్మగారికి పక్షవాతం వచ్చి ఎడమచేతి వేళ్ళు చచ్చుబడ్డాయి. ఆ టేపొక్కటే ఆవిడకి మిగిలిన వయొలిన్. రోజూ పెట్టించుకుని వినేది, విన్నకొద్దీ మొహం చిన్నబుచ్చుకునేది.

"నాన్నా, వీటి పనైపోయింది. కొత్తవి తెచ్చేద్దాం, లేదా లోపలి కాగితం మార్పించి బాగుచేయిద్దాం. ఏదో ఒకటి తేల్చు" అంది కూతురు హైమ.

"కాగితం మారిస్తే గొంతే మారిపోతుందే! దానికంటే కొత్తవే నయమేమో" అని ఆయన నసిగారు.

వర్ధనమ్మగారు కిటికీలోంచి చూస్తూ అంది. "ఏవి తెచ్చినా ఒకటేలే. నేనెప్పుడూ ఇంత మొద్దుగానే వాయించి ఉంటాను. మీ నాన్న మొహమాటానికి మెచ్చుకుని ఉంటారు."

ఎంత మాట! నా ప్రాణం చివుక్కుమంది. నా గొంతు పోతే పోయింది, ఆవిడ జీవితకాలపు విద్య కూడా నాతోపాటే అబద్ధమైపోతోందే!

చివరికి దసరా పూజ కాగానే మమ్మల్ని సాగనంపి కొత్తవి తేవాలని తేల్చారు. పూజకు ముందు సోమయాజులుగారు మృదంగాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎడమవైపు అంటించిన రవ్వముద్దను శుభ్రంగా గీకేశారు. ముద్ద ఉంటే గంభీరమైన నాదం. కానీ వాయించడం కాగానే తీసెయ్యాలి, లేకపోతే తోలు పాడైపోతుంది. ఆ చేత్తోనే నా గుడ్డ విప్పి, గంధం అద్దబోయి ఆగిపోయారు. బొటనవేలికి నా గుండె మీద గట్టి పెచ్చు తగిలింది.

"ఓరి నా మతి మండా! వర్ధనీ, మృదంగం మీద ముద్ద పూటైనా ఉంచనే! వీటి మీద మాత్రం ఇన్నేళ్ళుగా పేరుస్తూ వచ్చాను!"

తడివేలితో అద్ది, నానేదాకా ఆగి, గోటితో పొరపొరా ఒలిచారు, తోలు మీది ముద్దను తీసినంత నాజూగ్గా. నాకూ తమ్ముడికీ ఊపిరాడింది. హైమ టేపు పెట్టింది.

కమాను తీగ మీద ఆనింది. కాంభోజి పైకి లేచింది. ఈ గొంతు నాదేనా అని నేనే నమ్మలేకపోయాను! ఇంతలో సన్నగా, గలగలమని ఏదో చప్పుడు.

"ఆపకండి!" వర్ధనమ్మగారు నిటారుగా కూర్చుంది. "అవి నా గాజులు! సీమంతానికి వేసిన మట్టిగాజులు. తియ్యకూడదని అత్తయ్యగారూ, తీస్తేగానీ రికార్డు చెయ్యనని మీ నాన్నా! చివరికి అత్తయ్యగారి మాటే నెగ్గింది."

"సీమంతమంటే... నేను కడుపులో ఉన్నప్పుడా?" అంది హైమ.

"నువ్వేనే. వాయిస్తున్నంతసేపూ ఒకటే తన్నులు."

హైమ చటుక్కున మా ముందు నేలమీద కూర్చుండిపోయింది. కొత్తవాటి ఊసు మళ్ళీ ఎత్తితే ఒట్టు.

"నేనే" అంది వర్ధనమ్మగారు కళ్ళనీళ్ళతో. "ఇంత బాగా వాయించింది నేనే."

ఆవిడ కుడిచెయ్యి తనకు తెలియకుండానే గాలిలో కమాను లాగసాగింది. చేతికున్న బంగారు గాజులు గలగలమన్నాయి. నాలోంచి ఆ మట్టిగాజులు వాటికి బదులు పలికాయి.