రాసిం గీసుకున్న గడ్డం

వసంతం వచ్చిందంటే ప్లీవా నది ఒడ్డున చేపలు పట్టేవాళ్లందరూ పొద్దున్నే రాసిం ఇంటికి కాఫీకి చేరతారు. కాఫీ ఒక వంక. అసలు పని ఆయన గడ్డం చూడటం. మధ్యాహ్నం నది మీద ఏ ఈగలు లేస్తాయో, పొద్దున ఆయన గడ్డంలోంచి అవే ఒకటీ అరా లేస్తాయి. వాటిని చూసి గాలానికి ఈకలతో, దారంతో అలాంటి దొంగ ఈగను కట్టుకుంటారు. ట్రౌట్ మహా తిక్క చేప, ఆ పూట తినే పురుగు తప్ప ఇంకోటి ముట్టదు.

ఆ శనివారం రాసిం గడ్డం నున్నగా గీసేసుకున్నాడు. ఆయన కూతురు సనిహకు ఆరోజు, వచ్చినవాళ్లకు చేపలు పట్టించే గైడు పరీక్ష.

"ఇదేంటి నాన్నా?"

"నా గడ్డం చూసి గెలిచావంటారు. ఆ మాట నేను పడలేను."

"ఓడిపోతే?"

ఓడిపోతే ఆమె మళ్లీ చొక్కాల ఫ్యాక్టరీకి పోయి బొత్తాలు కుట్టాలి. ఉన్న ఒక్క గైడు బిళ్లా తహీర్ మేనల్లుడికి పోతుంది. పరీక్ష పెట్టే పెద్దల్లో ఆ తహీర్ కూడా ఒకడు.

మధ్యాహ్నానికి నది నిండా బూడిదరంగు రెక్కల ఈగలు. సనిహ అచ్చం అలాంటిదే కట్టి విసిరింది. చేప పైకొచ్చి, చూసి, తిరిగిపోయింది. ఇంకాస్త చిన్నది విసిరింది. అదీ అంతే. పరీక్షలో మూడు ఈగలకు మించి వాడకూడదు, ఆలోగా చేప పడాలి. మూడోది కడుతుంటే దారం ముడి రెండుసార్లు జారింది. నది మీద ఈగలు పలచబడుతున్నాయి.

"బొత్తాలు కుట్టే చేతులు కదమ్మా, దీనికి తిరగవులే" అన్నాడు తహీర్.

అప్పుడు సనిహ జడలోంచి ఒక ఈగ పాకుతూ భుజం మీదికి వచ్చింది. వీపు మీది పొర చీలింది గాని రెక్కలింకా లోపలే ఇరుక్కున్నాయి. రాసిం చెయ్యి తన బోడి గడ్డం మీదికి పోయింది.

సనిహ దాన్ని చూసి, నీటిని చూసింది. చేప మూతి పైకి రావడమే లేదు, వీపు మాత్రం కదులుతోంది. ఈగలు రెక్కలు విప్పకముందే, నీటి పొర కిందే వాటిని మింగేస్తోంది. ఆమె మూడో ఈగ రెక్కల్ని పళ్లతో కొరికి ఉమ్మేసి, ఈగను నోట్లో తడిపింది.

"అది నాలుగో ఈగ కింద లెక్క" అన్నాడు తహీర్.

"అదే ఈగరా. రెక్కలే లేవు" అన్నాడు పరీక్ష పెట్టే ఇంకో పెద్ద, ఇబ్రో ముసలాయన. "వెయ్యమ్మా నువ్వు."

ఈగ మునిగింది. నీళ్లు ఉబ్బాయి, కర్ర విల్లులా వంగింది. దారం వెంట్రుకంత సన్నం, రాసిం ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చివరికి చేప సనిహ అరచేతిలోకి వచ్చింది. ఆమె గాలం తీసి దాన్ని నీళ్లలోకి వదిలింది.

తహీర్ జేబులోంచి బిళ్ల తీసి తనే ఆమె చొక్కాకు గుచ్చాడు. కాసేపు అక్కడే తచ్చాడి, గొంతు తగ్గించి అడిగాడు. "రేపు ఏ ఈగ లేస్తుందమ్మా?"

సనిహ అలవాటుగా తండ్రి వైపు తిరిగింది. ఆయనా అందరితో పాటు ఆమె జడనే చూస్తున్నాడు.